ఏడుపు తీరేదాకా

భద్రాచలం దాటి అడవిలోకి పోతే పాత ఫారెస్టు బంగ్లా ఒకటుంది. సీరియల్ యూనిట్ అక్కడ దిగిన మూడో రోజుకే గోదావరి పొంగి రోడ్డు మునిగింది. ఎటూ పోయే దారి లేదు. ఉన్నన్నాళ్లూ షూటింగే చేద్దామన్నాడు డైరెక్టర్ వెంకటరామారావు. చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదాయన.

పూలి అందులో హీరోయిన్. చచ్చి తిరిగొచ్చిన అమ్మాయి వేషం. చెల్లెలు పోయాక ఆ అమ్మాయి మనసు మూసేసుకుంటుంది. నవ్వదు, ఏడవదు. ఎందుకలా అని చూసేవాళ్లు రోజూ అడుగుతున్నారట. దుఃఖం తట్టుకోలేక అని రాసుకొచ్చాడు రైటర్ ఉదయ్ భాస్కర్. ఇవాళ్టి సీనులో ఆమె మొదటిసారి ఏడవాలి. మనిషి ఏడవకుండా ఉండడానికి వేరే కారణం ఉండొచ్చని అతనికేం తెలుసు, పాపం.

పూలి చెల్లెలు ప్రమీల ఆరు నెలల కింద నిజంగానే పోయింది. జ్వరం. షూటింగ్ వదిలి పూలి తండాకు చేరేసరికి మట్టిచ్చేశారు. తండాలో ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపు పేరు ఢావలో. ఒకరి ఏడుపు తీరేదాకా రెండోవాళ్లు చెయ్యి తియ్యకూడదు.

పూలి తల్లిని పట్టుకుని ఏడ్చింది. తల్లివి రెండు చేతులే కదా. పూలి మెడ మీద నాలుగున్నాయి. మిగతా రెండూ సన్నగా, చల్లగా ఉన్నాయి. తడిమట్టి వాసన. ఏడ్చేకొద్దీ బిగిశాయి. తర్వాత మెల్లగా తల్లి మెడ వైపు జరిగాయి. భయంతో పూలి ఏడుపు ఆగిపోయింది. వెంటనే ఆ చేతులూ పోయాయి.

ఆ రోజు నుంచి గుండె రాయి చేసుకుంది. తల్లిని కూడా ఏడవనివ్వలేదు. నీకు చెల్లెలంటే పాణం లేదా అని తల్లి తిట్టినా పడింది. ఆమెకు మిగిలింది అమ్మ ఒక్కతే. ఎవరేమనుకున్నా, అమ్మ బతికుంటే చాలు.

ఇప్పుడు ఏడిస్తే అమ్మకు చేటు, ఏడవకపోతే వేషం పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గ్లిజరిన్ దొంగ ఏడుపే కదా, దానికేం రాదులే అని ధైర్యం చెప్పుకుంది. మేకప్ పుష్ప కళ్లలో రెండు చుక్కలు వేసింది.

మధ్యాహ్నమే అయినా వానకు గది మసకబారింది. తడిసిన టేకాకుల వాసన. చూరు నీళ్ల చప్పుడు. సౌండ్ చూసే రాంబాబు ఆమె జాకెట్ అంచుకు చిన్న మైకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూలన కూర్చున్నాడు.

డైలాగ్ ఒక్కటే.

"నేను వచ్చేసరికి నీ ముఖం కూడా మిగల్చలేదు కదే."

ఏమీ తెలియకుండానే రాశాడు ఉదయ్ భాస్కర్. అది తగలాల్సిన చోటే తగిలింది. గ్లిజరిన్ వెనకే అసలు కన్నీళ్లు వచ్చాయి. ఆపుకోవాలని ఖమ్మం బస్సు ఆగే ఊళ్లన్నీ వరసగా తలచుకుంది. ఏన్కూరు... జూలూరుపాడు... కొత్తగూడెం... ఆగలేదు. ఆరు నెలల దుఃఖం తండా రాగంలో తన్నుకొచ్చింది.

మెడ మీద చల్లగా...

ఒక చెయ్యి.

రెండోది.

యూనిట్ అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. వాళ్లకు అది నటన.

"విడువవే... నీ అక్కను," అంది పెదవి కదలకుండా.

"ఇంకా తీరలే అక్కా..." చెవి పక్కనే.

వెంకటరామారావు కట్ చెప్పి చప్పట్లు కొట్టాడు. పూలి కళ్లు తుడుచుకుంది. మెడ తేలికైంది. చేతులు లేవు. గట్టెక్కాను అనుకుంది.

రాంబాబు మాత్రం లేవలేదు.

"మేడం, మీరు ఏడ్సుడు ఆపేసిండ్రు గదా?"

"అవ్."

"మరి నాకింకా వినబడుతుందేంది?"

పూలి మైకు పీకి స్విచ్ ఆపి అతని చేతిలో పెట్టింది. ఏడుపు ఆగలేదన్నట్టు అతను తల అడ్డంగా ఊపాడు. ఏమంటోందని అడిగింది. ఆ తండా భాష తనకు రాదన్నాడు. విన్నది విన్నట్టు చెప్పమంది.

"యాడీ... యాడీ... అంటుంది."

యాడీ అంటే అమ్మ.

పూలి వాకిట్లోకి ఉరికింది. రోడ్డు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు. ఆవల ఎక్కడో తండా, అందులో అమ్మ ఒక్కతే.

వెనక రాంబాబు హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు ఇంకో గొంతు కలిసింది మేడం. ముసలామెది."