దిగిరాని గీత

2074లో చీరాలలో హెచ్ఐవితో ఎవరూ చనిపోవడం లేదు. జబ్బ చర్మం కింద బియ్యపుగింజంత గుళిక పెడితే పదేళ్లపాటు వైరస్ నిద్రపోతుంది, ఇంకొకరికి అంటదు. ఈ సంగతి బళ్లో ఆరో తరగతి పిల్లలు కూడా చదువుతారు. చదివి ఇంటికొస్తూ, హెచ్ఐవి ఉన్న దీనమ్మ గుమ్మం ముందు మాత్రం పరుగు లంకించుకుంటారు. అదేం చదువో మరి!

డాక్టర్ హైమవతి గుళిక జోలికి పోకుండా మనసు సంగతి పట్టించుకుంది. ఆమె కనిపెట్టిన కలతమాపకం ఆవగింజంత ఉంటుంది. చెవి వెనక అతికిస్తే, మనసు కలత పడ్డప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్‌నూ గుండె వేగాన్నీ కొలిచి గీతగా గీస్తుంది. గీత లేచిన క్షణాన చుట్టూ వినిపించిన మాటల్ని దాచిపెడుతుంది. అది పెట్టుకున్న రెండు వందల మంది స్త్రీలలో దీనమ్మ గీతంటే హైమవతికి మహా మురిపెం. తోడికోడలు గ్లాసు వేరుగా పెట్టినా, మరిది కూతురి పెళ్లికి పిలవకపోయినా ఆ గీత లేచేది, గంటలో దిగిపోయేది.

అలాంటి గీత ఈ నెల పద్నాలుగున లేచి పదకొండు రోజులైనా దిగలేదు. పైగా గుళిక తీసేయమని దీనమ్మ అర్జీ పెట్టుకుంది. తీస్తే వైరస్ లేస్తుంది, మనిషి దక్కదు. హైమవతి ఆదరాబాదరా ఆమె ఇంటికి వచ్చింది.

"ఎవరేమన్నారు దీనమ్మా?"

"ఎవురూ ఏం అన్లేదమ్మా. బతికింది చాల్లే అనిపించింది."

ఆమె చెప్పదని తేలిపోయింది. హైమవతి మాపకం దాచింది చదివి చెప్పే యంత్రాన్ని బల్ల మీద పెట్టి, పద్నాలుగున ఏం జరిగిందని అడిగింది.

"సాయంత్రం నాలుగూ పది. ఈ ఇంట్లోనే," అంది యంత్రం. "మాటలు వినిపించనా?"

"వద్దులేమ్మా," అంది దీనమ్మ కంగారుగా.

"వినిపించు," అంది హైమవతి.

బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు. "టీ తీసుకోండమ్మా, అల్లం వేశా." ఆ వెనకే మర్యాదస్తురాలి గొంతు: "అయ్యో, ఇప్పుడే తాగొచ్చాను. ఏమనుకోకు దీనమ్మా."

ఆ గొంతు హైమవతిది. ఆ రోజు మాపకం సరిచూడటానికి తనే వచ్చింది. ఎక్కడా టీ తాగి రాలేదు.

"తెలవనోళ్ల మీద నాకెప్పుడూ కోపం లేదమ్మా," అంది దీనమ్మ. "మా తోడికోడలికి తెలవదు, తెలిస్తే మారుద్దిలే అనుకునేదాన్ని. ఇరవై ఏళ్లు ఆ మాట మీదే బతికా. మీకన్నా తెలిసినోళ్లు ఇంకెవరున్నారమ్మా?"

హైమవతికి సిగ్గుతో చచ్చినంత పనైంది. "ఇప్పుడు ఇవ్వు, తాగుతాను," అంది.

దీనమ్మ లోపలికెళ్లి టీ కాచి తెచ్చింది. ఈసారి గ్లాసులో పొయ్యలేదు, తాగి పారేసే కాగితం కప్పులో పోసింది. హైమవతి కప్పు పెదాల దాకా తెచ్చింది. అంటదని ఆమెకు తెలుసు. అంటదని పుస్తకమే రాసింది. అయినా పాడు చెయ్యి ఆగింది, రెప్పపాటు. ఆ వెంటనే గటగటా మొత్తం తాగేసింది.

ఆ రెప్పపాటును దీనమ్మ చూడనే చూసింది.

"గీత ఇంకా పైకి పోతోంది డాక్టర్ గారూ," అంది యంత్రం.

దీనమ్మ ఖాళీ కప్పు అందుకుని పక్కన పెట్టింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి జబ్బ చూపించింది.

"ఇక తీసెయ్యండమ్మా."