సర్పంచ్ గారి మొగుడి కుర్చీ

కామేష్ చేసిన తప్పల్లా ఆ కుర్చీలో కూర్చోవడమే.

సర్పంచ్ కృపావతిని తన జీపులో మండల మీటింగుకి తీసుకెళ్లాడు. అక్కడి గుమాస్తా, ఆడ సర్పంచ్ పక్కన మగాడు కనబడితే మొగుడే అనుకునే రకం. "సర్పంచ్ గారి హస్బెండా, రండి రండి" అంటూ ఆమెకి వేసిన కుర్చీ అతనికి లాగాడు. టీ చేతికిచ్చి, ఊళ్లోకి మంచినీళ్ల పైపులు ఎంతవరకూ వచ్చాయని అడిగాడు. ఆ పిల్ల మీద ఎప్పుడో మనసు పడి, చెప్పే ధైర్యం లేక తిరుగుతున్న మనిషికి ఆ మాటతో ఒళ్లు తేలిపోయింది. కాదనలేదు సరికదా, పైపుల గురించి నోటికొచ్చింది చెప్పాడు. కృపావతి పక్కనే నిలబడి అంతా వింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె ముందు సీటు వదిలేసి వెనక, అతను బాడుగకి ఎక్కించిన పనసకాయల మధ్య కూర్చుంది. వాన మొదలై టార్పాలిన్ కారుతున్నా ముందుకి రాలేదు. ఘాట్ ఎక్కాక మాత్రం నోరు విప్పింది.

"టీ బాగుందేటి?"

కామేష్ నవ్వబోయి మానేశాడు.

"పెళ్లంటే ఎందుకు పారిపోతన్నానో తెలిసిందా? పెళ్లైన మర్నాడే నా కుర్సీలో ఆడు కూకుంటాడు. నన్ను టీ ఎట్టమంటాడు."

ఈ పిల్ల తనకి దక్కదేమోనని అతనికి మొదటిసారి నిజంగా భయం వేసింది.

తర్వాతి గ్రామసభ పంచాయతీ ఆఫీసు ఆవరణలోనే జరిగింది. గెలిచిన ఆడవాళ్ల మొగుళ్లు ఇకమీదట గేటు దాటి లోపలికి రాకూడదని కృపావతి తీర్మానం పెట్టింది. ఆడవాళ్ల చేతులు లేచాయి. మగాళ్ల చేతులు తువ్వాళ్ల కింద దూరాయి. వార్డు మెంబరు మొగుడు సోంబరు మాత్రం, మగాళ్లలో ఒక్కడు ఒప్పుకున్నా తనూ ఒప్పుకుంటానని మీసం దువ్వాడు.

వెనక నుంచి కామేష్ చెయ్యెత్తాడు. చాలదనుకున్నాడో ఏమో, రెండోదీ ఎత్తాడు.

సోంబరుకి మండింది. "నీకు పెళ్లామే లేదు కదరా గుంటడా. మద్దిలో నీకేటి?"

"రేపు రావొచ్చు కదా మావా," అన్నాడు కామేష్, సర్పంచ్ వైపే చూస్తూ. "ఆవిడ ఒప్పుకుంటేనే. ఒప్పుకుంటే మాత్రం ఆవిడ కుర్సీ జోలికెల్లను. మొన్న కూకున్నాను, బుద్దొచ్చింది."

సభంతా గొల్లుమంది. ఇచ్చిన మాటకి సోంబరు కూడా చెయ్యి ఎత్తక తప్పలేదు. కృపావతి పెదవులైతే బిగించింది గానీ, సిగ్గు దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"తీర్మానం పాసైంది," అంది.

"మరి నా సంగతి?"

ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది.

"మొగుళ్లు బయటుండాలని ఇప్పుడే కదా పాసైంది. నువ్వింకా ఇక్కడేటి సేత్తన్నావు?"