పసుపు పూసిన తుమ్మలు

"ఆ చెట్టు మీద చెయ్యి తియ్యి."

మోకాలి లోతు నీళ్లలో నిలబడి తుమ్మ మొద్దుకు గుర్తుగా ఎర్రమట్టి జాజు పూస్తున్న యువకుడు వెనక్కి తిరిగాడు. కట్ట మీద ఒక అమ్మాయి, పైట నడుముకు బిగించి, చంకలో గంపతో నిలబడి ఉంది. గంపలోంచి ఒక కొంగ పిల్ల మెడ సాచి అతన్నే చూస్తోంది.

"తీస్తే జాజు ఎవరు పూస్తరు, నువ్వు పూస్తవా?" అన్నాడతను.

"ఎవరు నువ్వు?"

"సిద్దిరాములు. మాది రెంజల్. ఈ కుంటల తుమ్మలు వేలంపాటల నాకొచ్చినయి. మున్సిపాలిటోళ్లనే అడుగు."

"గూళ్లు గూడ వేలంపాటల్నే వచ్చినయా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు. నోరున్నది తనొక్కదానికే అన్నట్టు అరిచి, చివరికి "ఒక్క చెట్టు కొట్టి సూడు, అప్పుడు తెలుస్తది గంగమణి అంటే ఎవరో" అని వెళ్లిపోయింది. సిద్దిరాములుకు ఆమె పేరైతే తెలిసింది. కోపం రావలసిన చోట నవ్వొచ్చింది.

బోధన్ చివర, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేంత దూరంలో ఉంది ఆ కుంట. ఒకవైపు బస్తీ ఇళ్లు, కట్ట కింద గంగమణి తండ్రి రాజలింగు పసుపు చేను. వానలు పడ్డాయంటే నీళ్లలోని తుమ్మల నిండా తెల్లకొంగలు గూళ్లు పెడతాయి. గాలికి పిల్లలు జారిపడితే కుక్కల పాలయ్యేవి. అది చూడలేక గంగమణి ఒక గెడకు గంప కట్టి, పడ్డ పిల్లలను తిరిగి గూళ్లలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. మొదట బస్తీ అంతా నవ్వింది. ఇప్పుడు పిల్ల పడ్డ చప్పుడైతే చాలు, వంట వదిలేసి పరుగెత్తుతారు. ఆదివారం వస్తే ఆడవాళ్లంతా నీళ్లలో దిగి, కొంగలకు చేపలు దొరికేలా గుర్రపుడెక్క పీకుతారు.

అలాంటి కుంట మీదికి గొడ్డలి వస్తోందంటే గంగమణి ఊరుకుంటుందా?

సాయంత్రానికే బస్తీకి పెద్దదిక్కైన భీమవ్వ ఇంటి ముందు ఆడవాళ్లంతా పోగయ్యారు.

"మున్సిపాలిటీతోని మనం కొట్లాడుతమా?" అంది ఒకామె.

"కొట్లాడద్దు. పసుపు రాద్దాం" అంది గంగమణి.

అందరికీ అర్థమైంది. పసుపు పూసి బొట్టు పెట్టిన చెట్టు దేవత కింద లెక్క. దాని మీద ఏ కూలీ గొడ్డలి వేయడు. ఇంట్లో పసుపుకు కరువా? చీకటి పడేలోపు కుంటలో తుమ్మలన్నీ పెళ్లికూతుళ్లయ్యాయి. జాజు పూసిన వాటితో ఆగుదామనుకున్నారు కానీ, భీమవ్వకు మిగతావాటిని వదలడానికి మనసొప్పలేదు.

తెల్లారి కూలీలు వచ్చారు, చూశారు, దండం పెట్టి దారిపట్టారు. సిద్దిరాములు ఒక్కడే నీళ్లలో మిగిలాడు. గంగమణి కట్ట మీద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు కొట్టు."

"జాజు పూసినయి కొట్టేటియి గావు. విడిచిపెట్టేటియి" అన్నాడతను మెల్లగా. "మా రెంజల్ దిక్కు గంతే. గూళ్లున్న చెట్లకే పూసిన. గూళ్లు లేని నాలుగు చెట్లు సాలు నాకు. గవిటికి గూడ బొట్టు పెట్టిండ్రు."

గంగమణి ముఖం మాడిపోయింది. బోధన్‌లో జాజు గుర్తు పెట్టారంటే ఆ చెట్టును కొట్టేస్తారనే లెక్క, ఆమె అలాగే అనుకుంది.

"మరి నిన్న చెప్పచ్చు గద?"

"చెప్పనిచ్చినవా?"

నిజమే, చెప్పనివ్వలేదు. "నాలుగు చెట్లు ఎందుకు?" అంది, గొంతు తగ్గించి.

"బండి చక్రాలకు. దసరా దాటితే ఫ్యాక్టరీ సీజన్. మా ఊరి చెరుకు నా బండ్ల మీద తెస్తనని మాటిచ్చిన. చక్రాలు లేకుంటే చెరుకు చేన్లనే ఎండుతది."

తప్పు చేసినప్పుడు ఏడ్చే రకం కాదు గంగమణి. తప్పు చేసిన చోటే నిలబడి దిద్దే రకం.

"నీ బండ్లు ఆగవు. రేపు ఎడ్లను తోలుకొని రా."

"ఎటు?"

"గా మూలకు. పోయిన ఏడాది గాలికి పడ్డ తుమ్మలు బురదల మునిగి ఉన్నయి. మీద గుర్రపుడెక్క కమ్మింది, అందరు మరిచిండ్రు. నానిన తుమ్మ పగలదు, పురుగు వట్టదు."

మరునాడు వాన. ఆ వానలోనే బస్తీ ఆడవాళ్లు వరుస కట్టి గుర్రపుడెక్క పీకారు. గంగమణి బురదలో కాలితో వెతికి మొద్దు దొరకగానే తాడు కట్టేది. సిద్దిరాములు కట్ట మీద ఎడ్లను అదిలించేవాడు. మొదటి మొద్దుకు తాడు తెగింది. రెండోసారి కట్టింది. ఎడ్లు జారాయి. మూడోసారి అతనే నీళ్లలోకి దిగి భుజం పెట్టాడు. ఇద్దరూ కలిసి నెడుతుంటే మొద్దు ఒక్కసారిగా కదిలింది, ఇద్దరూ బురదలో పడ్డారు.

"వేలంపాటల ఇది గూడ వచ్చిందా?" అంది గంగమణి, ముఖం మీద బురద తుడుచుకుంటూ.

"దీనికైతే ఎంతైనా పాడుత" అన్నాడు. ఆమె చూపు తిప్పుకుంది కానీ నవ్వు దాగలేదు.

పొద్దు వాలేసరికి చక్రాలకు సరిపడా కలప ఒడ్డుకు చేరింది. పైన గూళ్లలో పిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి.

"ఒక మాట అడుగుత" అంది గంగమణి. "పక్షులంటే నీకు గంత ప్రేమ ఎట్ల?"

సిద్దిరాములు కాసేపు ఎడ్ల తాళ్లు సర్దాడు.

"అబద్ధం జెప్ప. నాకేం ప్రేమ లేకుండె. చెట్లు సూడనీకి మొదటిసారి వచ్చిన్నాడు నువ్వు ఛాతీలోతు నీళ్లల్ల, కొంగ పిల్లను నెత్తి మీద పెట్టుకొని పోతున్నవ్. అది నీ జుట్టు పీకుతుంటె దాన్ని తిట్టుకుంటనే పోయి గూట్ల పెట్టినవ్. ఇంటికి పోయినంక నాకు అన్నం సయించలే. మల్ల వచ్చి జాజు పూసిన. నీకోసమే పూసిన."

గంగమణి చేతిలోని తాడు కింద పెట్టింది. ఇంత ఇష్టం తన కోసమా అనిపించింది. ఆ ఇష్టం తనలోనూ ఉందని, బురదలో పడ్డప్పుడే తెలిసిపోయిందని ఒప్పుకుంది మనసు.

"నేనొచ్చి మీ బాపుతోని మాట్లాడుత" అన్నాడతను.

"నువ్వు మెల్లగ మాట్లాడుతవ్. నేనే చెప్త."

కట్ట మీద గొంగడి కప్పుకుని కూర్చున్న రాజలింగు ముందుకు తడిబట్టలతోనే వెళ్లింది.

"బాపూ, రెంజల్‌కు మాట పంపు. చేసుకుంటె ఈయన్నే చేసుకుంట."

ఆడవాళ్ల చేతుల్లో గుర్రపుడెక్క ఎక్కడిదక్కడే ఆగిపోయింది. రాజలింగు బురదలో మునిగి తేలిన ఆ పిల్లగాణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎవరి కొడుకువు?"

"బాపురావు కొడుకును, పెద్దయ్యా."

"ఎరుకే. మంచి రైతు." రాజలింగు తల ఎత్తి తుమ్మల వైపు చూశాడు. "మాట పంపుత. గని పెండ్లి మాత్రం కొంగ పిల్లలన్ని ఎగిరిపోయినంకనే. డప్పులు మోగితే బెదిరి గూళ్లల్లకెల్లి దుంకుతయి. మల్ల పెండ్లిపిల్లనే నీళ్లల్లకు దిగాలె."

"గట్లనే మామా" అన్నాడు సిద్దిరాములు.