చెవులమ్మ పట్టిన వాసన

బయట వాన. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఆవిడ మనసు మాత్రం అడవి వైపే ఉంది.

చెవులమ్మ ఆ ఇంటి వేటకుక్క. నేలకు రాసుకునే చెవులు, ఎవరో తిట్టినట్టుండే మొహం. నిన్న నడిచిపోయిన పంది జాడనైనా ముక్కుతో పట్టేసేది. ఇంటికొస్తే ఆవిడ పాదాల మీదే నిద్ర. ఈమధ్య వయసు మీదపడి పరుగు తగ్గింది. కొద్దిరోజుల కిందట వేటకు వెళ్లిన భర్త ఒక్కడే తిరిగొచ్చాడు.

"తప్పిపోయింది. నా చొక్కా అక్కడే వదిలొచ్చానులే," అన్నాడు.

వేటగాళ్ల పద్ధతే అది. తప్పిపోయిన కుక్క తనవాళ్ల వాసనున్న బట్ట మీద పడుకుని, వాళ్లొచ్చేదాకా కదలదు. మర్నాడు వెళ్లొచ్చి, కుక్కా లేదు, చొక్కా లేదన్నాడు. ఆవిడ నమ్మింది. కట్టుకున్నవాణ్ణి నమ్మక ఏం చేస్తుంది!

దూరంగా అరుపు. సాగదీసిన అరుపు... జాడ మీద ఉంటే చెవులమ్మ అలాగే అరుస్తుంది. వేట దొరికాక మాత్రం పొట్టిగా, ఆగి ఆగి మొరిగి వేటగాణ్ణి పిలుస్తుంది. అతను ఈల వేసి జవాబిస్తాడు.

"విన్నారా?"

"వానేగా," అన్నాడు భర్త, కుర్చీలోంచి లేవకుండా.

అరుపు దగ్గరైంది. పెరడు... గుమ్మం... తలుపు కింద గాలి పీల్చిన చప్పుడు. తడి బొచ్చు వాసన.

పరుగున తలుపు తీసింది. ఎవరూ లేరు. గడప మీద ఒక బట్ట. చొక్కా కాదు... ఇన్నాళ్లుగా తను వెతుక్కుంటున్న ఆకుపచ్చ స్వెటర్. అంచులు నీళ్లోడుతున్నాయి. మధ్యలో గుండ్రంగా, పొడిగా, వెచ్చగా ఉంది.

భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముసలిదైపోయింది... ఊరికే వదిలేస్తే నా వెనకే ఇంటికొచ్చేస్తుంది. నీ వాసనుంటే కదలదని..."

"నా బట్ట పరిచి దాన్ని అడవిలో చావుకొదిలేశారా!"

ఆవిడ వంగి స్వెటర్ చేతిలోకి తీసుకుంది. తన కోసమే ఎదురుచూస్తూ, తన స్వెటర్ మీదే...

పాలు పొంగి మాడిన వాసన. నేల మీద తడి అడుగులు పడుతున్నాయి. అడుగులే... కుక్క లేదు. భర్త కుర్చీ దాటిపోయాయి. వెనక్కి తిరిగి, ఆవిడ ముందు ఆగాయి.

"నేను కాదే తల్లీ... నాకు తెలియదే..."

స్వెటర్‌ని వాసన చూసిన చప్పుడు. తర్వాత ఆవిడ పాదాలని. మళ్లీ స్వెటర్‌ని.

అప్పుడు మొరిగింది. పొట్టిగా... ఆగి ఆగి...

భర్త కుర్చీలోనే బిగుసుకుపోయాడు.

బయట వానలో, ఎవరో ఈల వేశారు.