తాయారు వదిన చాప దించేసిన వారం

ఉదయం ఏడింటికి విశాఖలో ఎవరి డాబా మీద వాళ్ళు నిలబడి చుట్టాలను చూసుకుంటున్నారు. దూరాన్ని దగ్గరగా చూపే దవ్వుకళ్ళు వచ్చాక ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేసి ఇరవై ఏళ్ళయింది. సువర్చల కూడా దవ్వుకన్ను తగిలించుకొని, పది కిలోమీటర్ల అవతల కొండవాలున ఉన్న తాయారు వదినతో కలిసి కాఫీ తాగుతోంది. మాటలు చెవిపూసలో వినిపిస్తున్నాయి.

"నేను పంపిన వెలుగుజల్లెడ పెట్టుకున్నావా వదినా?"

"ఆగవే. గోరంత ఉంది, ఏది పైవైపో తెలిసి చావడం లేదు."

దవ్వుకన్నులో పెద్ద అద్దానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో, మరో చిన్న అద్దం అడ్డుగా ఉంటుంది. దాని అంచులను రాసుకొని వచ్చే వెలుగు వలయాలుగా చెదిరి ప్రతి ముఖాన్నీ మసకలో ముంచేది. ఆ అడ్డు తీస్తే కన్నే పనిచేయదు. అందుకని సువర్చల తొమ్మిదేళ్ళు కూర్చుని, వెలుగును ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వదిలే పూత ఉన్న ఈ వెలుగుజల్లెడను తయారుచేసింది. రేపటి నుంచి దాన్ని ఊరంతటికీ పంచుతారు.

ఇద్దరూ ఒకేసారి జల్లెడ బిగించారు.

"ఏమే, నీ తల సగం నెరిసిందే!"

"నీ మూతికి అంటుకున్నది జిలేబీ పాకమేనా? తీపి మానేశానని ఒట్టేశావు కదా వదినా!"

"నేను పెట్టిన పట్టుచీర గుమ్మానికి తెరగా కట్టావా!"

అంటూ తాయారు తన డాబాకు ఎండ తగలకుండా పైన చుట్టి ఉంచిన చాపను దబ్బున దించేసింది.

వారం తిరిగేసరికి ఊళ్ళో డాబాలన్నిటికీ చాపలు దిగాయి. తెల్లారేసరికి ఇల్లు సర్దుకోవాలి, తల దువ్వుకోవాలి, మొహంలో విసుగు దాచుకోవాలి. ఎవరి వల్లవుతుంది? జల్లెడలు పంచిన సంస్థ డైరెక్టర్ సువర్చలకు ఫోన్ చేశాడు. "జల్లెడ అద్భుతమమ్మా. కానీ ఎవరూ ఎవర్నీ చూడటం లేదు."

సువర్చల రోజూ వదిన డాబా వైపు చూసేది. చాపలో ఒక్కో పుల్లా స్పష్టంగా కనబడేది. కాఫీ సహించేది కాదు.

ఎనిమిదో రోజు తలుపు చప్పుడైంది. తీస్తే తాయారు, చేతిలో సంచి.

"మూడు బస్సులు మారి వచ్చాను. తప్పుకో, కూర్చోనీ."

పదడుగుల లోపు దవ్వుకన్నుకు ఏదీ ఆనదు. ఇద్దరూ తీసి బల్ల మీద పెట్టారు. ఉత్త కళ్ళకు ఇద్దరూ కాస్త మసకగానే ఉన్నారు.

"ఇప్పుడు నయం," అంది తాయారు ఎగాదిగా చూసి. "దగ్గరికొస్తేనే బాగున్నావే."

సువర్చల నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది.

"ఎప్పట్నుంచి వదినా?"

"రెండేళ్ళవుతోంది. గ్లాసు పిట్టగోడ మీద ఆనించుకొని తాగుతాను. నీకెలా తెలుస్తుంది?"

సువర్చల లేచింది. కాఫీ కలిపి తెచ్చి, గ్లాసు తానే పట్టుకుంది.

"చాల్లే, నేనేమైనా చంటిపిల్లనా?" అని కసిరింది తాయారు. కసురుతూనే తాగింది.