స్క్రీన్ అడుగున సంతాపం

ఏజెంట్ వీరేశం సెలవు అడిగి అప్పటికి ఏడాది దాటింది. పది రోజులు చాలన్నాడు. దేనికని పైనుంచి అడిగితే, నిద్రపోవడానికని రాశాడు. ఆ కారణం రూల్స్‌లో లేదని అర్జీ వెనక్కి వచ్చింది.

అందుకే ఆదివారం ఉదయం కూడా సూర్యాపేట బస్టాండ్ ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాడు. పెద్దగట్టు జాతర మొదలైన రోజు. డోలు దెబ్బలకు టేబుల్ మీద గ్లాసులు కదులుతున్నాయి. భుజం మీద గొంగడి, నుదుట పసుపు, కాళ్లకు గజ్జెలు కట్టిన ఒక భక్తుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"గుర్రానికి దాణా పెట్టిన్రా?" అన్నాడు భక్తుడు.

"గొర్రెకే దిక్కు లేదు," అన్నాడు వీరేశం.

అది కోడ్. భక్తుడు చీఫ్. ఇరవై ఏళ్లుగా ఒకరి మొహం ఒకరు చూస్తున్నా, కోడ్ చెప్పనిదే చీఫ్ నోరు విప్పడు. మారువేషాలంటే ఆయనకు పిచ్చి. వీరేశానికి ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు తన సొంత మొహమే మోయలేక మోస్తున్నాడు.

చీఫ్ గొంగడి చాటున ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. విదేశంలో ఎక్కడో ఒక బెట్టింగ్ డెన్. గోడంత టీవీలో హైదరాబాద్ గుర్రప్పందెం. బొమ్మ అడుగున మాత్రం తెలుగు అక్షరాలు: 'వేములపల్లి వాస్తవ్యురాలు సుక్కమ్మ గారి దశదిన కర్మకు బంధుమిత్రులందరూ రాగలరు.'

బ్రీఫింగ్ గజ్జెల చప్పుడు మధ్యనే సాగింది. రేసుల టీవీ హక్కులు కొన్న చానెళ్లకు బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా పోతుంది. కెమెరా నుంచి అప్పటికప్పుడు వచ్చే అసలు బొమ్మను క్లీన్ ఫీడ్ అంటారు. దానికి శాటిలైట్లో తాళం ఉంటుంది. 'సిల్వర్ బ్రిడిల్' అనే విదేశీ ముఠా ఆ తాళం తీసి క్లీన్ ఫీడ్ దించుకుంటోంది. లోకమంతా గుర్రం మలుపు తిరగడం చూస్తుంటే, వాళ్లు గెలిచిన గుర్రాన్ని చూసేస్తారు. ఎక్కడ దించుతున్నారో ఆరు నెలలు వెతికినా దొరకలేదు. చివరికి సుక్కమ్మ చెప్పింది.

"మిర్యాలగూడ కేబుల్," అన్నాడు వీరేశం. వేములపల్లి చావు మిర్యాలగూడ కేబుల్లో కాక ఇంకెక్కడ పడుతుంది?

"కరెక్ట్. ఆ రోజు వాళ్లు నిండా మునిగారు. అక్షరాలు ఎక్కించాలంటే బొమ్మ అక్కడి పాత కంప్యూటర్‌లో దూరి బయటికి రావాలట. ముప్పావు నిమిషం నమిలి వదిలింది. ఎందుకు మునిగారో వాళ్లకింకా అంతుపట్టలేదు, ఊరు బయటపడుతుందని మాత్రం అప్పటి నుంచి స్క్రోల్ బంద్ పెట్టించారు."

పని మామూలుదే. కోదాడలో మౌనికను కలవాలి. ఒకప్పుడు టీవీలో రేసులు చెప్పిన అమ్మాయి. ఇప్పుడు ముఠా పెట్టిన కంపెనీలో ఓవర్సీస్ రైట్స్ మేనేజర్. డిపార్ట్‌మెంటుకు డబుల్ ఏజెంట్. మనవైపు ఎంత, వాళ్లవైపు ఎంత అన్నది చీఫ్‌కు కూడా తెలియదు. పోతూ పోతూ ఆయన ఒక స్టీల్ టిఫిన్ క్యారియర్ ఇచ్చాడు. కింది గిన్నెలో ట్రాకర్ ఉంది. గదిలో ఏ ఫోన్ మోగినా, ఆ కాల్ ఎక్కడి నుంచో చెబుతుంది. పై గిన్నెలో పులిహోర ఉంది. అది కవర్ కోసం, తినొద్దన్నాడు.

దురాజ్‌పల్లి దగ్గర జాతర కోసం హైవే మూసేశారు. వీరేశం పొలాల దారిన ఆటోలు మారి మునగాల చేరాడు. అక్కడ ఒక ధాబా వెనక పులిహోర తినేశాడు. కోదాడ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

ఎర్ర కారు, నల్ల కళ్లద్దాలు, పట్టు సల్వార్. బస్టాండ్ దగ్గర పదిమంది తిరిగి చూస్తున్న మనిషే మౌనిక. కోడ్ ప్రకారం వీరేశం విజయవాడ బస్సు గురించి అడగాలి. అడిగాడు. ఆమె కోడ్ మర్చిపోయింది. కళ్లద్దాలు తీస్తే కళ్లు వాచి ఉన్నాయి.

"మా తమ్ముడు నరేందర్ ఇయ్యాల నాలుగో రేసుల ఉన్నడు సార్," అంది. "సంపుతరు."

మిగతాది కారులో చెప్పింది. వాళ్లది మిర్యాలగూడ దగ్గర ఒక తండా. తండాలో మేకలు కాసిన తమ్ముణ్ణి జాకీ చేసింది ఆమే. ముఠా వాడిని గుర్రాన్ని వెనక్కి లాగమంది. వాడు లాగనన్నాడు. దాంతో గుర్రం చెవులకు తొడిగే గుడ్డలో ఒక పరికరం కుట్టించారు. లోగన్ అనే వాడు, పైకి బియ్యం కొనడానికొచ్చిన వ్యాపారి, మిర్యాలగూడ చుట్టుపక్కల ఎక్కడో కూర్చుని ఆ కేబుల్లోనే క్లీన్ ఫీడ్ చూస్తుంటాడు. గుర్రం ఆఖరి మలుపులోకి రాగానే ఫోన్లో బటన్ నొక్కుతాడు. చెవిలో కూత పుట్టి గుర్రం బెదురుతుంది.

"మలుపుల పడితే ఎనకొచ్చే గుర్రాలన్ని మీదికెల్లి పోతయ్ సార్. ఆక్సిడెంట్ అంటరు. టీవీల పది సార్లు సూపిస్తరు."

తమ్ముణ్ణి హెచ్చరించే దారి లేదు. రేసు రోజున జాకీల ఫోన్లు గుంజుకుని గదిలో ఉంచుతారు. వీరేశం చీఫ్‌కు ఫోన్ చేశాడు. చీఫ్ రేసు క్లబ్బుకు చేశాడు. సోమవారం రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే విచారిస్తామన్నారట. సోమవారానికి నరేందర్‌కు రెండో రోజవుతుంది.

మిర్యాలగూడ కేబుల్ కంట్రోల్ రూమ్‌లో కరెంటు పీకేద్దామన్నాడు వీరేశం.

"బొమ్మ ఆగితే ఆడు ఆగడు. అనుమానమొస్తే గప్పుడే నొక్కుతడు," అంది మౌనిక. గేరు మారుస్తూ, "ఫీడ్ తాళం నేనే ఇచ్చిన సార్. ఆళ్లు నన్ను నమ్మాలంటే ఇయ్యమన్నది మీ చీఫే," అంది.

వీరేశానికి ఆశ్చర్యం కలగలేదు. ఈ ఉద్యోగంలో కలగాల్సిన ఆశ్చర్యాలన్నీ ఎప్పుడో అయిపోయాయి. రెండు వైపులా అబద్ధం చెప్పి బతికే మనిషి మాట నమ్మొచ్చా అని మాత్రం ఒక్క క్షణం ఆలోచించాడు. డాష్‌బోర్డ్ మీద గడియారాన్ని ఆమె రోడ్డు కంటే ఎక్కువసార్లు చూస్తోంది. ఆ చూపును నమ్మాడు.

జాతర డైవర్షన్ వల్ల హైదరాబాద్ బండ్లన్నీ హుజూర్‌నగర్ రోడ్డు మీదే ఉన్నాయి. లారీ వెనక లారీ. వీరేశం సీటు వాల్చి కళ్లు మూశాడు.

"నిద్రెట్ల పడ్తది సార్ మీకు?" మౌనిక గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది.

నిద్ర కాదు, లెక్క వేస్తున్నాడు. బొమ్మ ఆగకూడదు. కానీ ఆలస్యం కావాలి. అనుమానం రాకుండా ఆలస్యం కావాలి. సుక్కమ్మ మళ్లీ గుర్తుకొచ్చింది.

హుజూర్‌నగర్‌లో కారు ఆపించి తెల్ల తువ్వాల కొన్నాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని జుట్టు రేపుకున్నాడు. మాసిన గడ్డం అప్పటికే ఉంది. ఉద్యోగంలో చేరాక ఇంత తక్కువ కష్టంతో మారువేషం ఎప్పుడూ కుదరలేదు. ఇంకొక్కటి కావాలి, చనిపోయిన వాడి ఫొటో. పర్సు వెతికితే తన పాస్‌పోర్ట్ సైజు ఫొటోనే దొరికింది.

"మీకెందుకు, నేనే పోయి స్క్రోల్ ఎయ్యమంట," అంది మౌనిక.

"మీరు చెబితే ఆళ్లు లోగన్‌ను అడుగుతరు. సావుకు ఎవడూ పర్మిషన్ అడగడు."

మిర్యాలగూడలో ఒక సెల్‌ఫోన్ షాపు మీది అంతస్తు కంట్రోల్ రూమ్. మెట్ల దగ్గర ముఠా పెట్టిన బౌన్సర్ ఉన్నాడు. మేడంను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె తనిఖీ అంటూ లోపలికి పోయింది. వెనకాలే వచ్చిన వీరేశానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ రోజు ఎవర్నీ పంపొద్దన్నారండి."

వీరేశం ఫొటో చూపించి, అన్న చనిపోయాడన్నాడు. బౌన్సర్ ఫొటోను, అతన్ని మార్చి మార్చి చూశాడు.

"అచ్చం మీలాగే ఉన్నారండి," అని దారి వదిలాడు.

లోపల రెండు టీవీలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఎడమది డిష్ నుంచి దిగుతున్న క్లీన్ ఫీడ్. కుడిది ఇక్కడి నుంచి బయటికి పోతున్న బొమ్మ. ప్రస్తుతానికి రెంటిలోనూ ఒకే గుర్రాలు, ఒకే క్షణంలో, స్టార్టింగ్ గేట్ల వైపు నడుస్తున్నాయి. పసుపు చొక్కా, ఎర్ర టోపీ నరేందర్. గుర్రం పేరు డెక్కన్ మెయిల్. మౌనిక గోడకు ఆనుకుని నిలబడింది.

ఆపరేటర్ పరశురాములు యాభై దాటిన మనిషి. ఊళ్లో ఎవరు పుట్టినా, పోయినా ముందు ఆయన కీబోర్డుకే తెలుస్తుంది. గుర్రాల చానెల్లో ఈ రోజు ఒక్క అక్షరం పడొద్దని ఆ చానెల్‌ను కిరాయికి తీసుకున్న వాళ్లు ఒట్టు వేయించుకున్నారని, కావాలంటే మిగతా చానెళ్లన్నిటిలో వేస్తానని చెప్పాడు.

"మా అన్నకు గుర్రాలంటే పానం," అన్నాడు వీరేశం. "గుర్రాల దాంట్లనే పడాలె."

పరశురాములు ఫొటో చేతిలోకి తీసుకున్నాడు.

"ఎట్ల పోయిండు?"

"నిద్రల."

"పుణ్యాత్ముడు," అన్నాడు పరశురాములు. ఆ మాట మీద వీరేశానికి నిజంగానే అసూయ కలిగింది. పరశురాములు బౌన్సర్ వైపు, ఫొటో వైపు చూసి నిట్టూర్చాడు. "పెండ్లిదైతే రేపు రా అందును. సావుదెట్ల ఆపుత? సుక్కమ్మప్పుడు గూడ గిట్లనే తిట్టిన్రు. తిడితే తిట్టనీ. రేపు నేను పోతే నలుగురికి ఎరుక కావద్దా? పేరు చెప్పు."

వీరేశానికి ఇంకో పేరు కల్పించే ఓపిక లేదు. తన పేరే చెప్పాడు.

పరశురాములు రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. ఊరు అడిగాడు. వయసు అడిగాడు. శోకతప్తులు ఎవరెవరని అడిగాడు. పేర్లు లేకపోతే సంతాపం బోసిగా ఉంటుందన్నాడు. టీవీల్లో గుర్రాలు ఒక్కొక్కటే గేట్లలోకి పోతున్నాయి. గేటు తెరుచుకున్నాక బొమ్మ తడబడితే లోగన్‌కు తెలిసిపోతుంది. ఆఖరి గుర్రం లోపలికి పోనని మొరాయించింది. పదేళ్ల తర్వాత వీరేశం దేవుడికి దండం పెట్టుకున్నాడు, ఆ మొండి గుర్రం కోసం.

"శోకతప్త కుటుంబ సభ్యులని ఏస్తే సాలు," అన్నాడు.

పరశురాములు ఎంటర్ నొక్కాడు. కుడి టీవీ ఒకసారి రెప్ప వేసి, మళ్లీ గుర్రాలను చూపించింది. అడుగున వీరేశం ఫొటో, పక్కన దీపం, వెనకాల అక్షరాలు. ఎడమ టీవీలో మొండి గుర్రం గేట్లోకి పోయింది. కుడి టీవీలో ఇంకా మొరాయిస్తూనే ఉంది.

గేట్లు తెరుచుకున్నాయి.

సగం దూరం పోయారో లేదో బల్ల మీద ఫోన్ మోగింది. ఆ సంతాపం ఎవరిదో లోగన్‌కు కావాలి. పరశురాములు చెయ్యి చాపితే వీరేశం ఫోన్ మీద తన చెయ్యి పెట్టాడు. "మోగనీ పెద్దాయనా. సావింటి ముచ్చట," అన్నాడు. టిఫిన్ క్యారియర్ కింది గిన్నె సన్నగా గుర్రుమంది. స్థలం దొరికింది, చీఫ్‌కూ చేరింది. వేములపల్లి, ఒక రైస్ మిల్లు గెస్ట్‌హౌస్.

ఎడమ టీవీలో డెక్కన్ మెయిల్ ఆఖరి మలుపు తిరిగింది. పసుపు చొక్కా వెనక గుర్రాల మంద, ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు వస్తోంది. కుడి టీవీలో ఆ మలుపు ఇంకా దూరంగానే ఉంది. మౌనిక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఎడమ టీవీలో ముగింపు స్తంభం కనిపించింది. కుడి టీవీలో గుర్రాలు మలుపులోకి వస్తున్నాయి. ఫోన్ ఆగిపోయింది. లోగన్‌కు ఇప్పుడు ఆ చేతితో వేరే పని ఉంది.

ఎడమ టీవీలో డెక్కన్ మెయిల్ అందరికంటే ముందు స్తంభం దాటింది.

దాటి, గుర్రాలు ఒకదానికొకటి ఎడమై, వేగం తగ్గాక, పసుపు చొక్కా కింద గుర్రం తల విదిలించి వెనక కాళ్ల మీద లేచింది. నరేందర్ మెడ పట్టుకుని వేలాడాడు. జారి గడ్డి మీద పడ్డాడు. లేచి, బట్టలు దులుపుకుని, గుర్రాన్ని తిట్టాడు. ఏం తిట్టాడో వినపడలేదు కానీ మౌనిక గోడకు ఆనుకునే కిందికి జారి కూర్చుని, ఇద్దరు యజమానుల దగ్గర దాచుకున్న ఏడుపంతా ఒకేసారి ఏడ్చేసింది.

"దగ్గరి సుట్టమా?" అని పరశురాములు మెల్లగా అడిగాడు. వీరేశం తల ఊపాడు.

చీఫ్ బృందం సూర్యాపేట నుంచి వస్తూ, జాతర డైవర్షన్‌లో దారి తప్పి, వేములపల్లిలో లారీల మధ్య ఇరుక్కుని ఉంది. ఏడాది మొత్తంలో డిపార్ట్‌మెంట్‌కు కలిసొచ్చింది అదొక్కటే. గొంగళ్లతో, గజ్జెలతో అలాగే గెస్ట్‌హౌస్‌లో దూరారు. దేవుడి చందా కోసం వచ్చారనుకుని లోగన్ జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చేతికే బేడీలు వేశారు. ఫోన్లోని నంబర్లు పట్టుకుని నాలుగు దేశాల్లో తలుపులు తట్టారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. నరేందర్ క్షేమం, మౌనిక ఇకపై పూర్తిగా మనవైపే, చెవి గుడ్డ ల్యాబ్‌కు పోయింది. ఇంకో సంగతి. ఆ స్క్రోల్ ముఠా డెన్లన్నిటిలో కనపడిందని, వీరేశం చనిపోయాడని వాళ్ల వాళ్లంతా నమ్మారని, శత్రువుల లెక్కలో చచ్చిన ఏజెంట్ కంటే పనికొచ్చే వాడు లేడని, అందుకని సోమవారమే కొత్త అసైన్‌మెంట్ అని చెప్పాడు.

"మరి సెలవు?"

"చనిపోయినవాడికి సెలవెందుకయ్యా?"

వీరేశం మళ్లీ మెట్లెక్కి, స్క్రోల్ ఇక తీసేయమని పరశురాములును అడిగాడు. మొదలుపెట్టిన సంతాపం దశదిన కర్మ దాకా నడవాలని, మధ్యలో ఆపితే ఇంటికి మంచిది కాదని ఆయన ఒప్పుకోలేదు.

పది రోజులు కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు వీరేశం. చివరికి మంజూరు చేసింది మిర్యాలగూడ కేబుల్.