ఆడి మాసంలో తీసిన పిల్లర్

"ఆగు! గడప దాటొద్దు!"

అత్తగారు పంకజవల్లి కేక విని మధుమిత చేతి సంచితో వాకిట్లోనే ఆగిపోయింది. పెళ్ళయి రెండు నెలలు! ఆడి మాసంలో, ఆ ఆషాఢంలో, కొత్త కోడలు మెట్టినింట ఉండకూడదని తిరుమంగళంలోని పుట్టింటికి పంపితే, ఆడి సగమైనా గడవకముందే బస్సెక్కి కోయంబత్తూరు వచ్చేసింది...

"నెల రోజులు మొగుణ్ణి విడిచి ఉండలేకపోయినావా? ఊరంతా నవ్వుతుంది కదే, కడవుళే, దేవుడా!"

మధుమిత చెవులు ఎర్రబడ్డాయి. "సుధాకరన్ మామ పంపిన ఫోటో చూసి వచ్చినాను అత్తా... అంగడి మధ్యలో పిల్లర్ ఏది?"

కింద చీరల అంగడి, పైన రెండంతస్తుల ఇల్లు. ఆ ఇంట్లో ఆమెకు అన్నీ ముద్దొచ్చేవి! కొత్త చీర మడత విప్పితే వచ్చే వాసన, గాంధీపురంలో భర్త సుధాకరన్ కొనిచ్చే వేడి మొక్కజొన్న, డాబా మీది గాలి... ఒక సాయంత్రం ఆ గాలిలోనే తన సివిల్ ఇంజనీరింగ్ చదువు అతనికి చెప్పింది. కోయంబత్తూరు భూకంపాల మూడో జోన్‌లో ఉందనీ, పైన బరువు పెట్టి కింద అంతస్తు బోలుగా వదిలితే, భూమి కదిలినప్పుడు ముందు నలిగేది ఆ కింది అంతస్తేననీ! "నీకు చెప్పకుండా ఒక్క ఇటుక కూడా తీయను మధూ!" అని అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చేత్తోనే ఈ తెల్లవారుజామున ఫోటో పంపాడు... 'చూడు, అంగడి ఎంత పెద్దదైందో!'

"ఆడి తళ్లుబడికి, తగ్గింపు ధరలకు వచ్చే జనం పట్టలేదని తీసినాము," అంది పంకజవల్లి. "బదులుగా ఇనుప దూలం వచ్చే నెల ఆవణిలో పెడతాము. ఆడిలో తీసేదానికి దోషం లేదు, కొత్తది పెట్టేదానికే! ఆ మాత్రం తెలీదా ఇంజనీరమ్మకు?"

"అయితే ఆవణి వరకు ఈ ఇల్లు దేని మీద నిలబడుతుంది అత్తా!"

"మా అత్త తొంభై ఏళ్ళు బతికింది. భూకంపానికి ఒక్క చెంబు దొర్లింది చూడలేదు!"

"1900వ సంవత్సరంలో ఈ ఊరే కదిలింది అత్తా!... జెనిఫర్, పిల్లలందరినీ బయటికి పిలుచుకురా!"

చీరలు మడతపెట్టే ఎనిమిది మంది అమ్మాయిలు తమతో పనిచేసే జెనిఫర్ వెంట వీధిలోకి వచ్చేశారు. మధుమిత ఎవరినీ లోపలికి పోనివ్వకుండా అంగడి మెట్ల మీద కూర్చుంది. ఆడి శుక్రవారం! వచ్చిన జనం వచ్చినట్టే వెనక్కి పోతున్నారు. పంకజవల్లి నెత్తి కొట్టుకుని మేస్త్రీ యేసుదాసుకు కబురు పెట్టింది.

"నాకు ఆడీ లేదు, ఆవణీ లేదమ్మా," అన్నాడతను. "ఇప్పుడే ఇనుప ఊతలు పెడతాను, రేపు పిల్లర్ లేపుతాను. మొదటి తట్ట మాత్రం ఇంటివాళ్ళే ఎత్తి ఇవ్వాల."

"ఎత్తినవాళ్ళ నెత్తినే దోషం!" అంది పంకజవల్లి.

మధుమిత తల్లి వెనక నిలబడ్డ భర్త వంక చూసింది... సుధాకరన్ తల దించుకున్నాడు!

"నేనే ఎత్తుతాను అత్తా."

"ఎత్తు! నా కొడుక్కి తలనొప్పి వచ్చినా నీవల్లే!"

ఆ రాత్రి ఆడి కోడలికి ఇంట్లో చోటు లేదు. జెనిఫర్ ఇంట్లో చాప మీద పడుకుంది. మర్నాడు పట్టుచీర కొంగు దోపి, తొలి కాంక్రీటు తట్ట తానే ఎత్తి ఇచ్చింది.

మిగిలిన ఆడి గడపడానికి మళ్ళీ తిరుమంగళం! బస్సు కిటికీ దగ్గర నిలబడి సుధాకరన్ మెల్లగా అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమని నాకు ముందే తెలుసు మధూ... అమ్మను ఎదిరించలేకపోయినాను."

మధుమిత చప్పున అతని వైపు తిరిగింది.

"తెలుసా?... మీకు అర్థం కాలేదేమో అనుకునే కదా, నిన్నటి నుంచి మిమ్మల్ని క్షమిస్తూ వచ్చినాను మామా! తెలిసీ ఆ పిల్లలను దాని కింద నిలబెట్టినారా!"

అతను కిటికీ చువ్వను పట్టుకున్నాడు. బస్సు ఇంజను మోగింది.

"ఆవణి ఒకటో తేదీ పిలుచుకుపోయేదానికి వస్తాను... వస్తావు కదా?"

మధుమిత కళ్ళు తుడుచుకోలేదు.

"వస్తాను మామా. ఇంకోసారి ఏం తీస్తారో, ఆ ఇంట్లో ఎవరో ఒకరు చూస్తూ ఉండాల కదా..."